పిల్ల తాబేలుకు పాలకూరా, గరికా?
పర్లాకిమిడి, రాయగడ వైపు సల్కాటా (ఆఫ్రికా నేల తాబేలు) పిల్లను పెంచేవాళ్ల చేయి ముందు పాలకూర కట్ట మీదికే పోతుంది. (నక్షత్ర తాబేలును పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.) పిల్ల ఆత్రంగా తింటుంది కూడా. కానీ పాలకూరలోని ఆక్సలేట్ కాల్షియాన్ని పట్టేసి ఒంటికి అందనివ్వదు. రోజూ అదే మేతైతే డిప్ప మెత్తబడుతుంది, కాళ్లు వంకరపోతాయి. ఎప్పుడైనా ఒకటి రెండు ఆకులు, అంతే.

గరికే అసలు మేత. పీచు ఎక్కువ, అరుగుదల కుదురుగా ఉంటుంది. ముదురు గరిక పిల్ల నోటికి తెగదు. లేతది అర అంగుళం ముక్కలుగా తరిగి, తడిపి, కాసిని మందార ఆకులు కలిపి, రోజూ డిప్పంత కుప్ప పెట్టండి. వారానికి 2 సార్లు సముద్రపు నురుగు (కాల్షియం ఉండే కటిల్ ఫిష్ ఎముక) పొడి చిటికెడు చల్లాలి. నేరుగా ఎండ తగలకపోతే ఆ కాల్షియమూ ఒంటబట్టదు. పక్కనే నీడ మాత్రం తప్పనిసరి. పురుగుమందు కొట్టిన గట్టు మీది గరిక ముట్టుకోవద్దు.