గోల్డ్‌ఫీల్డ్స్ ఊళ్లలో క్యారవాన్‌తో నాలుగేళ్లు: మా ప్లాన్ ఎక్కడ తప్పింది, ఎక్కడ కుదిరింది

మేం ఉండేది మెల్‌బోర్న్‌లో. నాలుగేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో 18 అడుగుల క్యారవాన్, అంటే కారు లాక్కెళ్లే చక్రాల ఇల్లు, కొన్నాం. ఇప్పటికి ఆరుసార్లు దాన్ని కారు వెనక తగిలించుకుని విక్టోరియా రాష్ట్రంలోని గోల్డ్‌ఫీల్డ్స్ అనే పాత బంగారు గనుల ప్రాంతం వైపు వెళ్లాం. బల్లరాట్, క్లూన్స్, మేరీబరో, డనాలీ, మాల్డన్, కాసిల్‌మెయిన్, బెండిగో. అన్నీ 1850ల్లో బంగారం కోసం పుట్టిన ఊళ్లే. మెల్‌బోర్న్‌లో ఉండే తెలుగువాళ్లు చాలామంది బల్లరాట్‌లో గనుల కాలపు ఊరిని మళ్లీ కట్టి చూపించే సావరిన్ హిల్‌కి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేస్తారు. పది, పన్నెండు రోజులు పెట్టుకుని ఆ ప్రాంతమంతా తిరగాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ప్లాన్ వేసేటప్పుడు ముందు రాత్రులు లెక్కపెట్టుకోండి, తర్వాత బరువు తూచుకోండి, ఊళ్ల పేర్లు ఆఖరున రాసుకోండి. మేం మొదటిసారి సరిగ్గా దీనికి తిరగేసి చేశాం.

ఆ మొదటి ట్రిప్పులో తొమ్మిది రోజులకు తొమ్మిది ఊళ్లు పెట్టుకున్నాం. మ్యాప్‌లో చూస్తే అన్నీ పక్కపక్కనే ఉంటాయి. కాసిల్‌మెయిన్ నుంచి మాల్డన్‌కి 20 కిలోమీటర్లు కూడా లేదు. కాసిల్‌మెయిన్ నుంచి బెండిగోకి 40. కానీ క్యారవాన్ ఉన్నప్పుడు దూరాన్ని కిలోమీటర్లతో కొలవకూడదు. ఊరు చేరాక వెనక్కి నడిపి సైట్‌లో పెట్టడం, చక్రాల కింద ర్యాంపులు వేసి సమం చేయడం, కరెంటు, నీళ్లు కలపడం, మురుగునీటి పైపు వేయడం, ఆనింగ్ (క్యారవాన్ పక్కన పందిరిలా తెరుచుకునే గుడ్డ) తెరవడం. ఇదంతా మా ఇద్దరికీ ముప్పావు గంట పని. మర్నాడు పొద్దున అన్నీ విప్పి సర్దడానికి మరో గంట. క్యారవాన్ పార్కుల్లో సాధారణంగా పది గంటలకు ఖాళీ చేయాలి, రెండు తర్వాతే కొత్త చోట దిగనిస్తారు. మధ్యలో ఆ నాలుగు గంటలు క్యారవాన్‌ని వెంటేసుకుని, ఎక్కడ ఆపాలో వెతుక్కుంటూ తిరగడమే. పిల్లలకు ఆ ట్రిప్పులో ఏ ఊరూ గుర్తులేదు.

మూడో ట్రిప్పు నుంచి పద్ధతి మార్చాం. పన్నెండు రాత్రులకు నాలుగే మకాములు: బల్లరాట్‌లో మూడు, మేరీబరోలో రెండు, కాసిల్‌మెయిన్‌లో మూడు, బెండిగోలో నాలుగు. క్యారవాన్ ఒకచోట పెట్టేసి, చుట్టుపక్కల చిన్న ఊళ్లకు కారులో వెళ్లొస్తాం. ఇది నాకు అన్నిటికంటే నచ్చిన మార్పు. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. ఈ ఊళ్ల మెయిన్ స్ట్రీట్‌లు క్యారవాన్ల కాలంలో కట్టినవి కావు. దుకాణాల వరండాల చూరు దాదాపు రోడ్డు అంచు దాకా వస్తుంది, స్తంభాలు అక్కడే ఉంటాయి. రోడ్డు పక్కన రాతి కాలవలు లోతుగా ఉంటాయి. మాల్డన్‌లో మొదటిసారి మా క్యారవాన్ ఎడమ చక్రం అలాంటి కాలవలోకి దిగితే, పైన అంచు వరండాకి బెత్తెడు దూరంలో ఆగింది. దారిన పోయే ఇద్దరు పెద్దాయనలు నిలబడి, చేతులతో సైగలు చేస్తూ బయటికి తీయించారు. మాల్డన్ చూడాల్సిన ఊరు. 1966లో పాత కట్టడాల్ని కాపాడే ఆస్ట్రేలియా నేషనల్ ట్రస్ట్ మొట్టమొదట 'నోటబుల్ టౌన్' (చెప్పుకోదగ్గ ఊరు)గా గుర్తించింది దీన్నే. కాసిల్‌మెయిన్ నుంచి అక్కడికి పాత ఆవిరి రైలు నడుస్తుంది. అది తిరిగే రోజులు ముందే చూసుకుని, రైల్లో వెళ్లండి.

ఇక బరువు సంగతి. కొనబోయే ముందు దీన్ని గట్టిగా చెప్పేవాళ్లు మాకెవరూ దొరకలేదు, అందుకే వివరంగా రాస్తున్నాను. మా క్యారవాన్ ఖాళీ బరువు 1,950 కిలోలు. సామానుతో కలిపి ఉండదగ్గ గరిష్ఠ బరువు, అంటే ఏటీఎం, 2,350. మధ్యలో మిగిలింది 400 కిలోలు. చాలా ఎక్కువనిపిస్తుంది కదా. రెండు నీళ్ల ట్యాంకులు నింపితేనే 190 పోయింది. గ్యాస్ సిలిండర్లు, ఆనింగ్ గోడలు, బ్యాటరీ, కుర్చీలు, సైకిళ్లు. ఆపైన మన వంటిల్లు: బియ్యం బస్తా, పప్పులు, కుక్కర్లు, దోసె పెనం. మా ఆయన వద్దంటున్నా నేను టేబుల్‌టాప్ గ్రైండర్ కూడా పెట్టాను. వెళ్లేదారిలో పబ్లిక్ వేబ్రిడ్జ్ (బళ్లను తూచే కాటా) మీద తూపిస్తే 2,480 వచ్చింది. 130 కిలోలు ఎక్కువ. అలా నడిపితే జరిమానా ఒక్కటే కాదు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ కాదనే వీలుంది.

ఆ బరువులో చాలా భాగం వెనక భాగంలో పెట్టడం అసలు తప్పు. బాకస్ మార్ష్ దాటాక పెంట్‌లాండ్ హిల్స్ దగ్గర రోడ్డు బాగా ఎత్తుపల్లాలుగా ఉంటుంది. తిరుగు ప్రయాణంలో అక్కడ దిగుతుంటే ఒక పెద్ద ట్రక్ పక్కనుంచి దాటింది. ఆ గాలికి క్యారవాన్ తోక ఊపడం మొదలుపెట్టింది. స్టీరింగ్ నా చేతుల్లో ఉంది. బ్రేక్ తొక్కాలనే అనిపిస్తుంది, కానీ తొక్కకూడదు. యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తీసి, స్టీరింగ్ నిలకడగా పట్టుకుని, బ్రేక్ కంట్రోలర్‌తో క్యారవాన్ బ్రేకులు మాత్రమే వేయాలి. అలాగే చేశాను, నిలదొక్కుకుంది. పక్కకి ఆపాక పదిహేను నిమిషాలు ఎవరం మాట్లాడలేదు. ఇంటికొచ్చి టో బాల్ (క్యారవాన్ తగిలించే, కారు వెనకున్న గుండు) మీద పడే బరువు కొలిస్తే 120 కిలోలే ఉంది. మొత్తం బరువులో సుమారు పదో వంతు ఉండాలని చెబుతారు. ఇప్పుడు బరువైనవన్నీ ఇరుసుకి కాస్త ముందు, నేల మట్టానికి సర్దుతాం. సైకిళ్లు వెనక తగిలించడం మానేశాం. నీళ్లు ఒక్క ట్యాంకే నింపుతాం, అన్ని మకాముల్లో కుళాయి ఉంటుంది కాబట్టి. గ్రైండర్ ఇంట్లోనే ఉంటుంది, ఇడ్లీ పిండి రుబ్బి డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టుకెళ్తాం. టో బాల్ మీద ఇప్పుడు 230 దాకా వస్తోంది. ఆ తర్వాత ఒక్కసారీ ఊగలేదు.

కారు కొనేటప్పుడు కూడా ఒక లెక్క చూడాలి. మా కారు మూడు టన్నులు లాగుతుందని ప్రకటనలో ఉంది. కానీ కారు, క్యారవాన్, అందులోని మనుషులు, సామాను అంతా కలిపిన బరువుకి వేరే హద్దు ఉంటుంది. దాన్ని జీసీఎం అంటారు. ఐదుగురం కూర్చుని డిక్కీ నింపితే మాకు మిగిలేది రెండున్నర టన్నులే.

క్యారవాన్ లోపలి సౌకర్యాల గురించి క్లుప్తంగా చెప్తాను. పార్కుల్లో ఇచ్చేది 15 ఆంపియర్ల కరెంటు, అంటే సుమారు 3,600 వాట్లు. కెటిల్, రైస్ కుక్కర్, హీటర్ ఒకేసారి వేస్తే ట్రిప్ అవుతుంది. చలికాలంలో బల్లరాట్ రాత్రులు సున్నా దగ్గరికి దిగుతాయి, కాబట్టి హీటర్ మానలేం. గ్యాస్ పొయ్యి మీద అన్నం వండుకోవడం అలవాటైంది. పోపు పెట్టేది మాత్రం బయట ఆనింగ్ కింద, లేకపోతే వారం రోజులు పరుపులకు కూడా వాసన పోదు. క్యాసెట్ టాయిలెట్ (కింద తీసి పారబోసుకునే డబ్బా ఉన్న మరుగుదొడ్డి) గురించి కొనేముందు చాలామంది భయపడతారు, నేనూ భయపడ్డాను. రెండు రోజులకోసారి ఆ డబ్బా పారబోసే డంప్ పాయింట్ దగ్గర ఐదు నిమిషాల పని, అంతే. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంటికి అది ఉండాల్సిందే. పెట్రోల్ ఖర్చు దాదాపు రెట్టింపవుతుంది: మామూలుగా వందకి 9 లీటర్లు తాగే మా కారు, క్యారవాన్ తగిలిస్తే 16, 17 తాగుతుంది.

ఎప్పుడు వెళ్లాలి అంటే, మార్చి చివర నుంచి మే దాకా. ఒకసారి జనవరిలో వెళ్లి బాధపడ్డాం. 40 డిగ్రీల ఎండ, చుట్టూ ఎండిన యూకలిప్టస్ అడవి, టోటల్ ఫైర్ బ్యాన్ (బయట నిప్పు రాజేయడంపై నిషేధం). పొద్దున లేవగానే కార్చిచ్చు హెచ్చరికలిచ్చే విక్‌ఎమర్జెన్సీ యాప్ చూడటం, గాలి ఎటు తిరుగుతుందోనన్న టెన్షన్. కాటస్ట్రోఫిక్ అని, అంటే అన్నిటికంటే పెద్ద ప్రమాదపు హెచ్చరిక, వస్తే ముందురోజే ఆ ప్రాంతం వదిలి వచ్చేయాలి, క్యారవాన్ కోసం ఆగకూడదు. ఈస్టర్‌కి బెండిగో వెళ్లాలనుకుంటే చాలా నెలల ముందే సైట్ బుక్ చేసుకోవాలి. 1871 నుంచి జరుగుతున్న ఈస్టర్ ఉత్సవం అది. చైనీస్ కుటుంబాల వారసులు, ఊరివాళ్లు కలిసి వంద మీటర్లకు పైగా పొడవున్న డ్రాగన్‌ని వీధుల్లో తిప్పుతారు. మా పిల్లలు మా కుప్పం గంగమ్మ జాతరతో పోల్చి చూసుకున్నారు.

ఊళ్ల విషయానికొస్తే, బల్లరాట్ గురించి అందరికీ తెలుసు. సావరిన్ హిల్‌కి ఒక పూర్తి రోజు ఇవ్వండి, పిల్లలు వాగులో బంగారం కోసం పళ్లెం పట్టుకుని కూర్చుంటే కదలరు. కానీ యురేకా సెంటర్‌ని వదిలేయకండి. లైసెన్స్ రుసుం, పోలీసుల వేధింపులు భరించలేక 1854 డిసెంబరు 3న గనివాళ్లు తిరగబడ్డ చోటు అది. వాళ్లెగరేసిన నీలి జెండా, చిరుగులతో సహా, అక్కడే ఉంది. మరుసటి ఏడు ఆ లైసెన్స్ పోయి, ఏడాదికి ఒక పౌండుకి 'మైనర్స్ రైట్' వచ్చింది. ఈనాటికీ విక్టోరియాలో సరదాకి బంగారం వెతకాలంటే కొనాల్సిన కాగితం పేరు అదే. మా పెద్దమ్మాయి తన పేరుమీద కొనుక్కుంది. వెతకడానికి అన్ని చోట్లా అనుమతి ఉండదు, మ్యాప్ చూసుకోవాలి, చేతి పనిముట్లే వాడాలి. పొదల్లో మూతలేని పాత గని గుంతలు ఉంటాయి, పిల్లల చెయ్యి వదలకండి.

మేరీబరో మకాం నుంచి డనాలీ, మోలియాగుల్ వెళ్లండి. మోలియాగుల్‌లో పెద్దగా ఏమీ ఉండదు, పొలాలు, చెట్లు, ఒక రాతి స్తంభం. 1869 ఫిబ్రవరి 5న జాన్ డీసన్, రిచర్డ్ ఓట్స్ అనే ఇద్దరికి అక్కడ ఓ చెట్టు వేళ్ల దగ్గర, మట్టికి కొన్ని సెంటీమీటర్ల కింద, 'వెల్‌కమ్ స్ట్రేంజర్' దొరికింది. శుద్ధి చేశాక సుమారు 72 కిలోల బంగారం. డనాలీ బ్యాంకు త్రాసు మీద పట్టక దాన్ని దాగలి మీద ముక్కలు కొట్టాల్సి వచ్చింది. క్యారవాన్ అక్కడికి తీసుకెళ్లకండి, తిప్పడానికి చోటు చాలదు.

కాసిల్‌మెయిన్ దగ్గర పెన్నీవెయిట్ ఫ్లాట్ అనే చోట చిన్న శ్మశానం ఉంది. బంగారం పడని రాతినేల కాబట్టి దాన్ని పూడ్చిపెట్టడానికి వదిలారు. 1850ల్లో చెడునీళ్లతో, విరేచనాలతో పోయిన గనివాళ్ల పిల్లలే అక్కడ ఎక్కువ. రాళ్లు పేర్చిన చిన్న చిన్న కుప్పలు, చాలావాటికి పేర్లు లేవు. పిల్లల్ని తీసుకెళ్లాలా వద్దా అని ఆలోచించాం. తీసుకెళ్లాం, మా చిన్నోడు అక్కడ అరగంట మాట్లాడలేదు. నాకది సరైన నిర్ణయమే అనిపించింది.

అన్నిటికంటే నాకు దగ్గరైంది బెండిగో, దానికి కారణం మా నాయన. మాది కుప్పం అయినా, ఆయన పుట్టి పెరిగింది కోలార్ గోల్డ్‌ఫీల్డ్స్‌లో, ఛాంపియన్ రీఫ్ గని కూలీ లైన్లలో. మా తాత ఆ గనిలో పనిచేశాడు. ఐదో ట్రిప్పులో నాయన మాతో వచ్చాడు. బెండిగోలో సెంట్రల్ డెబోరా గని ఉంది. 1939 నుంచి 1954 దాకా నడిచింది, ఇప్పుడు సందర్శకుల్ని 61 మీటర్ల లోతుకి దించుతారు. బోనులో దిగుతున్నప్పుడు నాయన నా మనవడి చెయ్యి పట్టుకోవాలి అన్నట్టు మా చిన్నోడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. కింద గైడ్ డ్రిల్లింగ్ మిషన్ చూపిస్తుంటే నాయన గోడకి చెయ్యి ఆనించి, "ఇది 61 మీటర్లే. మా నాయన దిగిన చోటికి ఇట్లాంటివి యాభై, ఒగదాని కింద ఒగటి పెట్టాల" అన్నాడు. కోలార్ గనులు మూడు కిలోమీటర్లకు పైగా లోతు. లోపల రాయి పగిలితే పైన ఇళ్లల్లో గిన్నెలు కదిలేవట. గిన్నెలు కదిలిన రోజు ఆడవాళ్లంతా గని గేటు దగ్గరికి పరిగెత్తేవాళ్లట. ఈ మాట నాకు నలభై ఏళ్లొచ్చాక, బెండిగోలో తెలిసింది.

పైకి వచ్చాక నాయన టికెట్ల దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. కోలార్ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. సైనైడ్ దిబ్బలు అలాగే ఉన్నాయి, లైన్లలో ఇంకా జనం ఉన్నారు. "ఈళ్లు దాచుకున్నారమ్మా" అని మాత్రం అన్నాడు. అందుకే పెద్దవాళ్లు మనదేశం నుంచి వచ్చినప్పుడు బెండిగోకి నాలుగు రాత్రులు పెట్టుకోండని చెప్తున్నాను. ఆ మర్నాడు మేం ఎక్కడికీ వెళ్లలేదు. ఆనింగ్ కింద కుర్చీలు వేసుకుని పొద్దుగూకే దాకా ఆయన చెబుతుంటే విన్నాం, మా పెద్దమ్మాయి ఫోన్‌లో రికార్డ్ చేసింది. మొదటి ట్రిప్పు లాంటి ప్లాన్ అయితే పది గంటలకల్లా సైట్ ఖాళీ చేస్తూ ఉండేవాళ్లం.

వచ్చే ఏప్రిల్‌కి ఏడో ట్రిప్పు. 1855లో విక్టోరియా ఓడరేవుల్లో దిగే ఒక్కో చైనీస్ మనిషి మీద పది పౌండ్ల పన్ను వేస్తే, ఆ పన్ను తప్పించుకోవడానికి వేలమంది పక్కనున్న సౌత్ ఆస్ట్రేలియాలోని రోబ్ రేవులో దిగి కాలినడకన గోల్డ్‌ఫీల్డ్స్‌కి వచ్చారు. అలా నడిచొచ్చిన వాళ్లకే 1857లో అరరాట్ దగ్గర బంగారం పడింది, ఆ ఊరు అలా పెరిగింది. మేం రోబ్ నుంచి అరరాట్‌కి వాళ్లొచ్చిన దిక్కునే వెళ్తున్నాం. రోబ్‌లో మూడు రాత్రులు, దారిలో రెండు, అరరాట్‌లో నాలుగు. నాయనకి వీసా వచ్చింది. టైర్లు పాతబడ్డాయి కాబట్టి ఈ నెలలోనే మార్పించి, బయల్దేరే వారం ముందు మళ్లీ వేబ్రిడ్జ్ ఎక్కిస్తాం.