ఎడిటింగ్ పీసీకి ర్యామ్ ముందా, ప్రాసెసర్ ముందా? రెండూ మార్చి వాడాక నా మాట

నేను పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను. సిస్టమ్ కట్టించినప్పుడు ఇంటెల్ ఐ5-12400, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు పెట్టించాను. తర్వాత ర్యామ్ 64 జీబీ చేశాను. ఇంకో సీజన్ వచ్చేసరికి ప్రాసెసర్ ఐ7-13700కి మార్చాను. రెండూ రోజూ వాడుతున్నవాడిగా చెబుతున్నాను. డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు ర్యామే తీసుకోండి.

ఎందుకో లెక్క చూడండి. 4కె ఫ్రేము అంటే 3840×2160. టైటిల్స్ చేసే ఆఫ్టర్ ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్‌లో 16 బిట్ రంగుల్లో పనిచేస్తే ఒక్కో ఫ్రేముకి ర్యామ్‌లో సుమారు 66 ఎంబీ కావాలి. 25 ఫ్రేముల లెక్కన సెకనుకి 1.6 జీబీ దాటుతుంది. ఫుల్ రిజల్యూషన్‌లో పది సెకన్ల టైటిల్‌కే 16 జీబీ చాలదు. పక్కన ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్, క్రోమ్ కూడా తెరిచి ఉంటాయి కదా! ర్యామ్ నిండిందంటే విండోస్ ఎస్ఎస్‌డీని వాడుకోవడం మొదలుపెడుతుంది, అక్కడ్నుంచి మౌస్ కదపడానికే విసుగొస్తుంది. 64 చేశాక నాకా బాధ పూర్తిగా పోయింది. కట్స్, కలర్ మాత్రమే చేసేవాళ్ళకి 32 సరిపోతుంది.

పాతవాటి పక్కన కొత్తవి కలపకుండా 32 జీబీవి రెండు ఉన్న కిట్ తీసుకుని, సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టండి. బయోస్‌లో (బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని పూర్తి స్పీడ్‌లో నడిపే సెట్టింగ్, ఆన్ చేయడం మర్చిపోవద్దు. టాస్క్ మేనేజర్‌లో స్పీడ్ 3200 చూపిస్తోందో లేదో చూసుకోండి.

ఇక ప్రాసెసర్. ఇది మీ కెమెరా ఫైల్‌ని బట్టి ఉంటుంది. మాకు వచ్చేది ఎక్కువగా సోనీ ఫుటేజ్, 10 బిట్ 4:2:2 (రంగుల వివరం ఎక్కువగా ఉండే రికార్డింగ్). అందులో ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్ అనే సోనీ ఫార్మాట్ అంటే హెచ్.265 పద్ధతిలో కుదించిన వీడియో. దాన్ని ఇంటెల్ ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్సే విప్పేస్తుంది, ఆర్‌టీఎక్స్ 3060కి 4:2:2 విప్పడం రాదు. ఆర్‌టీఎక్స్‌లో 50 సిరీస్ కార్డులకే ఆ సౌకర్యం వచ్చింది. అందుకే షాపులో ఎంత చెప్పినా పేరు చివర 'ఎఫ్' ఉన్న ప్రాసెసర్ కొనకండి, అందులో ఆ గ్రాఫిక్స్ పనిచేయదు. కాస్త డబ్బు మిగులుతుందని చూస్తే టైమ్‌లైన్ మీద రోజూ బాధపడాలి.

సోనీదే ఇంకో ఫార్మాట్ ఎక్స్‌ఏవీసీ ఎస్ మాత్రం హెచ్.264 అనే పాత పద్ధతిలో కుదించింది. అందులో 10 బిట్ 4:2:2ని నా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ ముట్టుకోదు, భారమంతా ప్రాసెసర్ కోర్ల (లెక్కలు చేసే భాగాల) మీదే పడుతుంది. ఐ7లో 8 పెద్ద కోర్లు, 8 చిన్న కోర్లు ఉన్నాయి కాబట్టి మల్టీక్యామ్‌లో మూడు కెమెరాలు పెట్టినా తడబడదు. ప్రాక్సీలు (ఎడిటింగ్‌కి వాడే తేలికపాటి కాపీలు) చేయడం, వణుకు తగ్గించే వార్ప్ స్టెబిలైజర్ కూడా బాగా తొందరగా అవుతున్నాయి. మామూలు కటింగ్‌లో మాత్రం ఐ5కీ దీనికీ నాకు పెద్ద తేడా తెలియలేదు.

కూలర్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. డబ్బా మీద 65 వాట్లని ఉన్నా, టర్బోలో (పూర్తి వేగంలో) ఈ ఐ7 219 వాట్ల దాకా లాగుతుంది. గుంటూరు ఎండల్లో పెద్ద టవర్ కూలర్ లేకుండా పొడుగు ఎక్స్‌పోర్ట్ పెట్టలేం.

13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్నింటికి వోల్టేజ్ సమస్య ఉందని 2024లో ఇంటెల్ ఒప్పుకుని, మైక్రోకోడ్ (చిప్ లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్లు ఇచ్చింది, వారంటీ రెండేళ్ళు పెంచింది. బోర్డు బయోస్ అప్‌డేట్ చేశాకే పని మొదలుపెట్టండి. ఒకసారి దెబ్బతిన్న చిప్‌ని ఆ అప్‌డేట్ బాగుచేయలేదు, కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో బిల్లు లేనిది వద్దు.