పుస్తకం తెరిస్తే ‘ఐడిల్’ అంటుంది: మా మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌తో రెండేళ్లు

హన్మకొండలో ఇంటి నుంచే మెడికల్ కోడింగ్ చేస్తాను. అంటే ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులు (ఇన్‌పేషెంట్ చార్టులు) చదివి, జబ్బులకు కోడ్‌లు వేయడం. లాప్‌టాప్‌లో మా పనిని గమనించే ఈ సాఫ్ట్‌వేర్ పెట్టి రెండేళ్లు దాటింది. స్క్రీన్‌షాట్ల సంగతి అందరికీ తెలిసిందే, వాటికి అలవాటు పడిపోయాం. మొదట్లో దీన్ని మెచ్చుకున్నది కూడా నేనే. ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే వీపీఎన్ పడిపోయిన రోజు హాఫ్ డే కోత పెట్టబోతే, ఇందులోని లాగ్ (నిమిషాల రికార్డు) చూపించే ఆపించుకున్నాను.

నా గొడవంతా ‘ఐడిల్’ లెక్కతోనే. ఐదు నిమిషాలు మౌస్, కీబోర్డు కదలకపోతే ఎర్ర గీత పడుతుంది. మా పనిలో సగం చదవడమే కదా! పైగా నాకు జబ్బుల కోడ్‌లుండే ఐసీడీ-10 పుస్తకంలో చూసుకుంటే తప్ప నమ్మకం కుదరదు. అమీర్‌పేటలో కోచింగ్ నాటి అలవాటు, పుస్తకం నిండా రంగు చీటీలే. ఏ కోడ్‌తో ఏది కలపకూడదో వెతుకుతుంటే పది నిమిషాలు ఇట్టే అయిపోతాయి. దాని లెక్కలో ఆ పది నిమిషాలూ నేను ఖాళీగా కూర్చున్నట్టే.

పోయినేడాది ఒక నెల టీమ్‌లో అందరికంటే నా ఐడిల్ ఎక్కువొచ్చింది. క్వాలిటీ 95 శాతం పైనే ఉన్నా టీఎల్ (టీమ్ లీడర్) ఫోన్ చేశారు. “మీ పని మీద నాకేం అనుమానం లేదు మేడమ్. ఎరుపు కనిపిస్తే పైవాళ్లు నన్నడుగుతారు. చదివేటప్పుడు మౌస్ కాస్త కదుపుతూ ఉండండి” అన్నారు.

సరేనని ఎడమ చేత్తో పుస్తకం, కుడి చేత్తో మౌస్. ఆ వారమే ఒక సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్‌తో ఒళ్లంతా విషమించే పరిస్థితి) చార్టు వచ్చింది. న్యుమోనియా, సెప్సిస్, దానివల్ల కిడ్నీలు దెబ్బతిన్నాయని డాక్టరు స్పష్టంగా రాశారు. సెప్సిస్‌కి ఏ41.9, న్యుమోనియాకి జే18.9, కిడ్నీలకి ఎన్17.9 వేశాను. సెప్సిస్ వల్ల ఇలా అవయవం దెబ్బతింటే ఆర్65.20 కూడా వేయాలి, అది వదిలేశాను. కొత్తగా చేరినవాళ్లు చేసే తప్పు! ఆడిట్‌లో దొరికిపోయాను. ఆ చార్టు చేసిన రోజు సాఫ్ట్‌వేర్‌లో నా యాక్టివిటీ చూస్తే 94 శాతం, అంతకుముందు ఎప్పుడూ అంత రాలేదు.

మౌస్‌ని దానంతటదే కదిపే పరికరం కొనిస్తానన్నాడు మా తమ్ముడు. వద్దన్నాను. కీబోర్డు నడుస్తున్నట్టు నటించారని 2024లో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు డజను మందికి పైగా ఉద్యోగుల్ని తీసేసింది. ఆ వార్త చదివాక నాకంత ధైర్యం లేదు.

ఇందాక చెప్పిన లాగ్ కూడా మా చేతిలో ఉండదు, టీఎల్ తీసి ఇవ్వాలి. ఆయన మంచివారు కాబట్టి ఇచ్చారు. షిఫ్టు అయ్యాక కూర్చున్న నిమిషాలూ అందులో ఉంటాయి, వాటి గురించి మాత్రం ఇంతవరకూ ఎవరూ ఫోన్ చేయలేదు.

రేడియాలజీ లాంటి చిన్న చార్టులు చేసేవాళ్లకు దీంతో పెద్ద ఇబ్బంది ఉండకపోవచ్చు. నాకైతే అత్తయ్య మోకాళ్ల నొప్పులు, చిన్నోడి బడి, రోజూ హైదరాబాద్ వెళ్లిరావడం కుదరని పని. అందుకే భరిస్తున్నాను. మా కోచింగ్ బ్యాచ్ అమ్మాయి చేసేచోట ఐడిల్ గడువు 15 నిమిషాలట. ఇక్కడా అంత ఇస్తే నేనీ గొడవ ఎత్తేదాన్నే కాదేమో.