కిరా ఇంటి నుంచి సెంగకుజి దాకా

టోక్యో వెళ్లేవారిని అందరూ షింజుకులో దిగమంటారు. నేను ర్యోగోకులో గది తీసుకున్నాను. పెట్టె తెరిస్తే కాలు పెట్టే చోటు ఉండదు. పొద్దున ఇచ్చే సూపులో చేప ఉంటుందని శాకాహారులకు ఎవరూ చెప్పరు. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను. ఒకప్పటి దర్బారు అధికారి కిరా ఇల్లు ఉన్న చోటు అక్కడికి నడక దూరమే.

1701లో అసానో అనే ప్రభువు ఎదో (టోక్యో పాత పేరు) కోటలో కిరా మీద కత్తి దూసి, అదే రోజు ఆజ్ఞ మేరకు సెప్పుకు చేసుకున్నాడు, అంటే కడుపు చీల్చుకుని చనిపోయాడు. అతని ఉప్పు తిన్న 47 మంది రోనిన్లు, అంటే ప్రభువును కోల్పోయిన సమురాయ్‌లు, దాదాపు రెండేళ్లు కాచుకుని, ఒక చలి రాత్రి కిరా తల తెచ్చుకున్నారు.

ఈ కథను చిత్రకారుడు కునియోషి 1847–48లో చెక్క అచ్చు బొమ్మలుగా వేశాడు. హరజుకులోని ఓటా మ్యూజియంలో వాటిలో కొన్ని చూశాను. ఒక్కో కాగితం మీద ఒక్కడే రోనిన్. ఒకడి మీదికి గిన్నెలు ఎగిరొస్తుంటాయి, ఇంకొకడు ఎదుట కనిపించని శత్రువుపైకి ఉరుకుతుంటాడు. అప్పట్లో నిజమైన పేర్లు వాడనిచ్చేవారు కాదు కనుక నాయకుడు ఓయిషి బొమ్మలో ఓబోషి అయ్యాడు. తెలిసినవాడికి అదేం తెర! వెలుతురుకు రంగులు వెలిసిపోతాయని గదులు మసకగా ఉంచుతారు. ప్రదర్శన మారినప్పుడల్లా మ్యూజియం కొన్నాళ్లు మూసేస్తారు, తేదీలు చూసుకునే వెళ్లండి. ర్యోగోకులో చిత్రకారుడు హొకుసాయ్ పేరిట ఉన్న మ్యూజియం భవనం బాగుంది కానీ, శాశ్వత ప్రదర్శనలో ఉన్నవి చాలావరకు నకళ్లే. టైము తక్కువైతే వదిలేయవచ్చు.

కిరా భవనంలో ఇప్పుడు మిగిలింది తెల్ల గోడల మధ్య చిన్న పార్కు, అసలు స్థలంలో 86వ వంతు. లోపల కిరా కూర్చున్న విగ్రహం, తల కడిగారని చెప్పే బావి ఉన్నాయి. నేను వెళ్లినప్పుడు మరో మనిషి లేడు.

రోనిన్లు ఆ తలతో, తమ ప్రభువు సమాధి ఉన్న సెంగకుజి గుడి దాకా నడిచే వెళ్లారు. నేను అసాకుసాబాషిలో రైలు మారాను. గుడిలోనూ తల కడిగిన బావి అంటూ ఇంకొకటి చూపిస్తారు! రోనిన్ల సమాధుల దగ్గర అగరుబత్తుల కట్ట కొని, అందరితో పాటు ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి పెడుతూ వచ్చాను. పొగకు కళ్లు మండాయి. ర్యోగోకు పార్కులో కిరాకు ఒక్కటి కూడా పెట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది.