పక్షవాతం చేతికి రోబో గ్లౌజు కొంటున్నారా? కాస్త ఆగండి

అదే, ఫోన్ తెరిస్తే చాలు వచ్చి పడే యాడ్. నల్ల గ్లౌజు, వేళ్ళ మీద గాలి గొట్టాలు, పక్కన చిన్న పంపు, "21 రోజుల్లో పిడికిలి తెరుచుకుంటుంది". మా దగ్గర పద్నాలుగున్నర వేలు ముందే కట్టించుకున్నారు. ఆర్డర్‌లో ఎడమ చెయ్యి, ఎల్ సైజు అని స్పష్టంగా ఉంది. వచ్చింది కుడి చేతిది, అదీ ఎమ్.

అన్‌బాక్సింగ్ వీడియో లేదు కాబట్టి వాపసు లేదట. పోనీ మార్చి ఇవ్వండయ్యా అంటే "టెక్నికల్ ఎక్స్‌పర్ట్" లైన్లోకొచ్చాడు. "కుడి చేతికే వేసి ఆడించండి సార్, అది చూసి ఎడమ చెయ్యి నేర్చుకుంటుంది. మిర్రర్ థెరపీ అంటారు దీన్ని." పైగా కిసుక్కున నవ్వి, "ఎలాగూ పనిచేయని చెయ్యే కదా, తొందరేముంది?"

మిర్రర్ థెరపీ అట! అందులో అద్దాన్ని రెండు చేతుల మధ్య నిలువుగా పెడతారు. పడిపోయిన చెయ్యి అద్దం వెనక ఉంటుంది. బాగున్న చెయ్యి ఆడుతుంటే దాని ప్రతిబింబం అవతలి చెయ్యే కదులుతున్నట్టు కనిపిస్తుంది. కిటుకంతా అద్దంలోనే ఉంది. అద్దం లేకుండా, బాగున్న చేతికి గాలి కొట్టిస్తే నేర్చుకునేదెవరు, పంపా?

ఆ యాడ్ నమ్మిన బుద్ధికీ నాలుగు తగిలించాలి. సరైన గ్లౌజే వచ్చినా ఒరిగేది తక్కువే. పక్షవాతం చేతిలో బిగుతు లాగే వేగాన్ని బట్టి పెరుగుతుంది. ఈ పంపేమో టక్కున ఊదుతుంది, కండరం ఇంకా బిగుసుకుంటుంది. మణికట్టుకు ఆసరా లేదు, అది కిందికి వాలిపోతుంది. బొటనవేలు అరచేతిలోనే ఉండిపోతుంది. స్పర్శ లేని చెయ్యైతే చర్మం ఒరుసుకున్నా మనిషికి తెలీదు, గ్లౌజు తీశాక ఎర్రమచ్చలు వెతుక్కోవాలి. అసలు సంగతేమిటంటే, మనిషి తను ప్రయత్నించకుండా మోటారే ఆడిస్తే కీళ్ళు కదులుతాయి గానీ పట్టు రాదు. బ్రిటన్‌లో 770 మంది పక్షవాతం రోగులతో చేసిన రాటుల్స్ అనే పరిశోధన 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. దీనికంటే ఎన్నో రెట్లు ఖరీదైన రోబోతో రోజుకు 45 నిమిషాలు, వారానికి 3 రోజులు, 12 వారాలు చేయించినా మామూలు చికిత్స కంటే చేతి పనితనం మెరుగుపడలేదు. డబ్బు కట్టాక చదివితే ఏం లాభం!

మణికట్టు 20 డిగ్రీలు, వేళ్ళు 10 డిగ్రీలు సొంతంగా పైకి లేస్తున్నాయా? అయితే బాగున్న చేతికి మందపాటి తొడుగేసి, పడిన చేతితోనే పనులు చేయించే పద్ధతి గురించి ఫిజియోని అడగండి. తొడుగు ఖర్చు వందల్లోనే.

కొనే తీరాలంటే క్యాష్ ఆన్ డెలివరీ పెట్టండి. పార్సెల్ కత్తిరించక ముందు నుంచే వీడియో తీయండి. ఏ చెయ్యో వాట్సాప్‌లో రాయించుకోండి.

అన్నట్టు, ఫ్రీ గిఫ్ట్ అని తలుపుకు తగిలించే కప్పీ ఒకటి పెట్టారు. అది అస్సలు వాడొద్దు. కీలు జారిన భుజాన్ని దాంతో పైకి లాగితే నొప్పి పట్టుకుంటుంది.