ముందు బ్రేకు డిస్కులు: 1,04,000 కిలోమీటర్ల తర్వాత నా అనుభవం

2016లో కొన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఉండేది విశాఖలో, సముద్రానికి దగ్గర్లో. మా అన్నయ్యది అరకులో ఉద్యోగం కాబట్టి నెలకోసారైనా ఘాట్ ఎక్కి దిగాల్సిందే. ఇంజను ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. ఏడిపించిందల్లా ముందు బ్రేకు డిస్కులే, అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళేలు.

48,000 దగ్గర మొదలైంది. హైవే మీద ఎనభైలో బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణికేది, పెడల్ పాదాన్ని తిరిగి తంతున్నట్టుండేది. నలభై లోపు ఏమీ తెలిసేది కాదు. సర్వీసు వాళ్ళు "డిస్క్ వంగింది సార్" అని లేత్ మిషను మీద దాని ముఖం చెక్కించి చదును చేయించారు. బండి హాయిగా ఆగింది. ఆరు వేలు తిరిగానో లేదో, మళ్ళీ అదే వణుకు.

ఈసారి గాజువాకలో ఒక పాత మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. చక్రం విప్పి, డిస్కు ఎంత ఊగుతోందో కొలిచే డయల్ గేజ్ దాని మీద ఆనించి చేత్తో తిప్పాడు. ముల్లు 0.12 మిల్లీమీటర్ల దాకా ఊగింది. డిస్కు ఊడదీసి, అది కూర్చునే హబ్ చూపించాడు. దాని ముఖం నిండా తుప్పు, స్క్రూడ్రైవర్‌తో గీకితే పెచ్చులు పెచ్చులుగా రాలింది.

"పీట వంకరగా ఉంటే మీద కుండేం చేస్తుంది బాబూ?" అన్నాడు.

ఆ తుప్పు మీద డిస్కు వెంట్రుకవాసి ఒరిగి కూర్చుంటుంది. బ్రేకు తొక్కకపోయినా, తిరిగిన ప్రతిసారీ ఒకేచోట ప్యాడ్‌కి (డిస్కుని నొక్కి బండిని ఆపే దిమ్మకి) రాసుకుని అరుగుతుంది. కొన్ని వేల కిలోమీటర్లకి మందంలో తేడా వస్తుంది. మన కాలికి తగిలేది ఆ తేడాయే. వేడికి వంగిందని అందరూ అనేది చాలాసార్లు ఇదే. మరో కారణం కూడా ఉంది. ఘాట్ దిగగానే బండి ఆపి, కాలిన డిస్కు మీద పెడల్ నొక్కిపట్టి కూర్చుంటే ప్యాడ్ లైనింగ్ అక్కడ అంటుకుని మచ్చ పడుతుంది. రెండూ నా బండికి జరిగినవే.

నా డిస్కు కొత్తలో 18 మిల్లీమీటర్లు. దాని మీద కొట్టి ఉన్న కనీస మందం 16. లేత్ పుణ్యమా అని మిగిలింది 16.3. ఇక మార్చక తప్పలేదు. హబ్‌ని వైర్ బ్రష్, ఎమెరీతో మెరిసేదాకా రుద్ది కొత్తవి ఎక్కిస్తే గేజ్ 0.03 చూపించింది. చక్రం నట్లు ఎదురెదురుగా, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే టార్క్ రెంచ్‌తో బిగించాడు. పంక్చర్ షాపుల్లో గన్ పెట్టి ఇష్టమొచ్చినట్టు బిగించడం కూడా డిస్కుని ఒరిగేలా చేస్తుందట. అప్పటినుంచి "చేత్తో బిగించన్నా" అంటుంటే కుర్రాళ్ళు నన్ను వింతగా చూస్తున్నారు.

అది 54,000 దగ్గర. ఆ తర్వాత 50,000 తిరిగినా వణుకు లేదు. అనంతగిరి దిగేటప్పుడు సెకండ్ గేర్ వదలను. డిస్కు వేడిగా ఉంటే నీళ్ళు తగలనివ్వను. వాన పడిన రాత్రి తర్వాత డిస్కు మీద కనిపించే ఎర్ర తుప్పుకి టెన్షన్ అక్కర్లేదు, నాలుగు బ్రేకులకి పోతుంది. ఒకసారి మాత్రం ఎడమ క్యాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) జరగడానికి ఉండే స్లైడ్ పిన్ బిగుసుకుపోయి, లోపలి ప్యాడ్ ఇనుము దాకా అరిగింది. చక్రం దగ్గర కాలిన వాసన వచ్చినప్పుడే చూపించుంటే ఆ ప్యాడ్లు మిగిలేవి. ఇప్పుడు ప్యాడ్లు మార్చిన ప్రతిసారీ పిన్నులకి గ్రీజు దగ్గరుండి పెట్టిస్తాను.

లేత్‌కి పెట్టిన డబ్బు మాత్రం దండగే. మొన్న కొలిపిస్తే ఈ కొత్త డిస్కులు ఇంకా 17.1 మిల్లీమీటర్లు ఉన్నాయి.