మనసు ఎండిపోయినప్పుడు: సొంత మాటల ప్రార్థనా, కీర్తనల ప్రార్థనా?

దేవుడు వినడం లేదేమో అనిపించే రోజుల్లో మోకరించినా నోట మాట రాదు. అప్పుడు మన మాటల్లోనే మొరపెట్టుకోవాలా, బైబిల్లోని కీర్తనల గ్రంథం తెరిచి అందులోని మాటలతో ప్రార్థించాలా అని చాలామంది విశ్వాసులు అడుగుతుంటారు.

శ్రమ: సొంత మాటలకు మనసు కూడదీసుకోవాలి. కీర్తనకు పుస్తకం తెరిస్తే చాలు, 13వ కీర్తనలో ఉన్నవి 6 వచనాలే.

సమయం: రెండింటికీ పది నిమిషాలు సరిపోతాయి.

నిజాయితీ: ఇక్కడే చాలామంది పొరబడతారు. కీర్తనలంటే స్తుతి మాత్రమే అనుకుంటారు గానీ, 13వది ఇంకెన్నాళ్లు మరిచిపోతావని దేవుణ్ణే నిలదీస్తుంది, 88వది ఏ ఓదార్పూ లేకుండా చీకటి దగ్గరే ఆగిపోతుంది, సిలువ మీద యేసు ‘నా దేవా, నన్నెందుకు విడిచిపెట్టావు’ అని వేసిన కేక కూడా 22వ కీర్తన మొదటి మాటే. దేవుణ్ణి అడిగినంత మాత్రాన విశ్వాసం పోయినట్టు కాదండీ, నమ్మకం ఉన్నవాళ్లే ఆయన దగ్గరికెళ్లి అడుగుతారు.

రిస్క్: సొంత మాటలైతే అదే టెన్షన్ చుట్టూ తిరగొచ్చు. కీర్తనైతే పెదవులు కదులుతూ మనసు ఎటో పోవచ్చు. అలాగని ఒకే మాట మళ్లీ మళ్లీ అనడం తప్పు కాదు, పట్టుబడిన రాత్రి గెత్సేమనే తోటలో యేసు మూడోసారీ అవే మాటలతో ప్రార్థించాడు.

బాధకు కారణం తెలిసి, చెప్పాల్సింది గుండె నిండా ఉంటే సొంత మాటలే మేలు. ఏం అడగాలో కూడా తెలియకపోతే 13 గానీ 88 గానీ పైకి చదవండి, తప్పు చేశానన్న బరువైతే 51. నిద్ర, తిండి కూడా పోతుంటే ప్రార్థన ఆపకుండానే సంఘంలో నమ్మకమైన ఒకరికీ, డాక్టరుకూ చెప్పండి.